స్వర్గచ్యుతి - మానవ బాధ్యత: ఇస్లామీయ చింతనలో ఒక చర్చా చరిత్ర

మానవజాతి మూలపురుషుడు తొలుత స్వర్గవనంలో నివసించాడనీ, నిషిద్ధ వృక్షాన్ని సమీపించిన కారణంగా ఆ వనానికి దూరమయ్యాడనీ చెప్పే వృత్తాంతం యూద, క్రైస్తవ, ఇస్లాం ధర్మాలు మూడింటికీ ఉమ్మడి సొత్తు. కాని ఆ ఒకే వృత్తాంతం నుండి ఈ సమాజాలు గ్రహించిన భావం ఒకటి కాదు. మానవుడు పుట్టుకతోనే దోషియా? అతనిచేత చెడు చేయించేది ఎవరు? జరిగిన చెడుకు జవాబు చెప్పవలసినది ఎవరు? ఈ ప్రశ్నలకు ఇచ్చుకునే సమాధానాన్ని బట్టి మనిషికి దైవంతో గల సంబంధమే కాక, పాలితునికి పాలకునితో గల సంబంధం కూడా మారిపోతుంది. అందుచేతనే ఆదం వృత్తాంతం కేవలం ఒక పూర్వగాథగా మిగిలిపోక, ఇస్లాం తొలి శతాబ్దాలలో రాజకీయ వివాదానికి ఆధారమైంది. ఆ వివాదం కొందరి ప్రాణాలను కూడా బలిగొన్నది. ఆ చర్చ నడచిన దారిని స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఖుర్‌ఆన్‌లోని వృత్తాంతం

ఆదం, ఇబ్లీసుల వృత్తాంతం ఖుర్‌ఆన్‌లో ఏడు సూరాలలో కానవస్తుంది. అవి బఖరా, ఆరాఫ్, హిజ్ర్, ఇస్రా, కహఫ్, తాహా, సాద్ సూరాలు. ఏ ఒక్కచోటా కథ మొత్తం వరుసగా చెప్పబడలేదు. సందర్భానికి అవసరమైన భాగం మాత్రమే ప్రస్తావించబడింది. వీటన్నిటినీ కలిపి చూస్తే బైబిలు ఆదికాండంలోని కథనంతో పోలికలతోపాటు ముఖ్యమైన భేదాలు కూడా తెలియవస్తాయి. ఖుర్‌ఆన్‌లో సర్పం లేదు. ప్రక్కటెముక ప్రసక్తి ఈ కథలో లేదు. ఆదం సహధర్మచారిణి పేరు చెప్పబడలేదు. హవ్వా అన్న పేరు సంప్రదాయం ద్వారా వచ్చినదే. నిషేధింపబడిన వృక్షం ఏ జాతిదో కూడా చెప్పబడలేదు. స్త్రీ ముందుగా మోసపోయి పురుషుణ్ణి ఆకర్షించిందన్న మాట ఎక్కడా లేదు. ఆరాఫ్ సూరాలో షైతాను ఇద్దరినీ ప్రలోభపెట్టాడు. తాహా సూరాలో ఆదం పేరే ప్రధానంగా వినిపిస్తుంది. తప్పులోనూ పశ్చాత్తాపంలోనూ ఇద్దరికీ సమాన భాగమే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. బఖరా సూరాలో కథ వృక్షంతో ఆరంభం కాదు. భూమిపై ఒక ఖలీఫాను, అనగా ప్రతినిధిని నియమించనున్నట్లు దైవం దూతలకు తెలియజేయడంతో ఆరంభమవుతుంది. అక్కడ కల్లోలం రేపి రక్తం చిందించేవాణ్ణా నియమించడమని దూతలు అడుగుతారు. వారి సందేహం దైవవాణిచేత ఖండించబడలేదన్నది గమనార్హం. వారు ఎరుగనిది దైవం ఎరుగునని మాత్రమే సమాధానం వచ్చింది. ఆ తర్వాత ఆదంకు సకల వస్తువుల నామాలు నేర్పబడ్డాయి. అంటే భూమి మానవునికి శిక్షాస్థలంగా తర్వాత కేటాయించినది కాదు. సృష్టికి పూర్వమే అతని కార్యక్షేత్రంగా నిర్ణయించినది. పైగా క్షమాభిక్ష లభించిన తర్వాత భూమికి దిగిపొమ్మన్న ఆజ్ఞ బఖరా, తాహా సూరాలలో ప్రస్తావించబడింది. క్షమించబడినవాడు శిక్ష అనుభవించడానికి కాక, అప్పగించిన పని నెరవేర్చడానికే వచ్చాడని వ్యాఖ్యాతలు అనేకులు దీని నుండి గ్రహించారు.

ఈ కథలో తప్పు చేసినవారు ఇద్దరు. సాష్టాంగపడమన్న ఆజ్ఞను ఇబ్లీసు తిరస్కరించాడు. వృక్షాన్ని సమీపించవద్దన్న ఆజ్ఞను ఆదం మరచారు. రెండూ ఆజ్ఞోల్లంఘనలే. తేడా అంతా ఉల్లంఘన తర్వాత వారు పలికిన మాటలలో ఉన్నది. తనను దారి తప్పించినది దైవమేనని ఇబ్లీసు అన్నాడు. తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఆదం దంపతులు అన్నారు. ఈ రెండు మాటలూ ఆరాఫ్ సూరాలో కొద్ది వాక్యాల ఎడంలోనే ఉన్నాయి. ఒకటి సాకు, మరొకటి ఒప్పుకోలు. తర్వాతి శతాబ్దాలలో జరిగిన చర్చ అంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

వారసత్వంగా వచ్చే పాపం

క్రైస్తవ ప్రపంచంలో, ముఖ్యంగా పాశ్చాత్య చర్చిలో, ఈ కథకు వేరొక వ్యాఖ్యానం స్థిరపడింది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354-430) ఆదిపాప సిద్ధాంతాన్ని సువ్యవస్థితం చేశాడు. ఆదాము పాపం సంతతికి సంక్రమిస్తుందనీ, దైవానుగ్రహం లేనిదే మానవుని సంకల్పం మేలు వైపు మరలజాలదనీ ఆయన వాదన. మానవుడు తన ప్రయత్నంతో ధర్మమార్గాన నడవగలడని బోధించిన పెలాజియస్ అభిప్రాయాలను 418లో కార్తేజి నగరంలో సమావేశమైన చర్చి పెద్దలు ఖండించారు. తూర్పు క్రైస్తవ చర్చిలు మరణం, బలహీనత సంక్రమిస్తాయని అంగీకరించినా, దోషం సంక్రమిస్తుందన్న భావాన్ని అగస్టీన్ చెప్పినంత తీవ్రంగా స్వీకరించలేదు.

ఇస్లాంలో ఈ మార్గం తెరుచుకోలేదు. ఒకరి భారం మరొకరు మోయరన్న సూత్రం ఖుర్‌ఆన్‌లో పలుచోట్ల పునరుక్తమైంది. ఆదం తప్పు ఆదంతోనే ఆగింది. ఆయన పశ్చాత్తాపం అంగీకరించబడింది. ప్రతి శిశువూ స్వచ్ఛమైన ప్రకృతితో, అనగా ఫిత్రత్‌పై జన్మిస్తుందన్న హదీసు ఈ భావాన్నే బలపరుస్తుంది.

అయితే దీనితో సమస్య తీరలేదు. పుట్టుకతో దోషం లేని మానవుడు చెడు ఎందుకు చేస్తున్నాడు? సమస్తమూ దైవనిర్ణయం, అనగా ఖదర్, ప్రకారమే జరుగుతున్నట్లయితే అతని నేరానికి అతడు బాధ్యుడెలా అవుతాడు? పాప వారసత్వం లేనిచోట సమస్య బరువంతా మానవ సంకల్పం మీదనే పడింది. ఆ బరువును మొదట దించుకోజూసినవారు పాలకులు.

సింహాసనం చెప్పిన సాకు

క్రీ.శ. 661 నుండి 750 వరకు పాలించిన ఉమయ్యా వంశం అంతర్యుద్ధం నుండి పుట్టిన రాజ్యం. ప్రవక్త మనుమడు ఇమామ్ హుసేన్ 680లో కర్బలాలో వధింపబడ్డారు. 692లో మక్కా ముట్టడి సందర్భంగా పవిత్ర నగరంపై రాళ్లు కురిశాయి. ఇట్టి చర్యలను సమర్థించుకొనుటకు పాలకులకు ఒక సిద్ధాంతం కావలసి వచ్చింది. తమకు అధికారం దక్కడం దైవనిర్ణయమనీ, దైవనిర్ణయాన్ని ప్రశ్నించడం అవిశ్వాసమనీ వారు ప్రచారం చేయించారు. జరీర్ వంటి ఆస్థాన కవుల ప్రశంసలలో ఈ ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. ఖలీఫా అబ్దుల్ మలిక్ (పాలన 685-705) కాలపు కొన్ని నాణేలపై దైవ ఖలీఫా అన్న బిరుదు ముద్రింపబడింది. ఖుర్‌ఆన్‌లో ఆదం నియామకాన్ని సూచించిన పదం ఈ విధంగా ఒక్క సింహాసనానికి కుదించుకుపోయింది.

ఈ సాకును గుర్తించి ఎదిరించినవారిని చరిత్రకారులు ఖదరియ్యా అని పిలిచారు. వీరిలో మొదటివాడుగా ప్రసిద్ధికెక్కిన మఅబద్ జుహనీ బస్రా నివాసి. మూడవ హిజ్రీ శతాబ్దపు రచయిత ఇబ్నె ఖుతైబా నమోదు చేసిన ఒక ఉదంతం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది. మఅబద్, అతా బిన్ యసార్‌లు ఇద్దరూ హసన్ బస్రీ (642-728) వద్దకు వచ్చారు. ఈ రాజులు ముస్లింల రక్తం చిందిస్తూ, వారి ధనం కాజేస్తూ, తమ చేతలన్నీ దైవనిర్ణయం ప్రకారమే జరుగుతున్నాయని చెప్పుకుంటున్నారని విన్నవించారు. ఆ దైవశత్రువులు అబద్ధమాడుతున్నారని హసన్ బదులు చెప్పారు.

హసన్ బస్రీ తిరుగుబాటుదారు కారు. ఇబ్నె అష్అస్ తిరుగుబాటు సమయంలో కత్తి పట్టవద్దని ప్రజలకు హితవు చెప్పినవారు. అట్టి శాంతమూర్తి కూడా పాలకుల సాకును మాత్రం సహించలేదు. ఖదర్ విషయమై ఖలీఫా అబ్దుల్ మలిక్ అడిగిన ప్రశ్నకు ఆయన వ్రాసినట్లు చెప్పే లేఖ ఒకటి ప్రచారంలో ఉంది. జర్మన్ పండితుడు హెల్ముట్ రిట్టర్ దాని పాఠాన్ని 1933లో ప్రకటించారు. మేలు దైవమార్గదర్శనం వల్ల, చెడు మానవుని స్వయంకృతం వల్ల అన్నది దాని సారాంశం. ఈ లేఖ హసన్ రచన కాదనీ, తర్వాతి కాలానిదనీ ఇటీవలి పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు. కర్తృత్వం ఎవరిదైనప్పటికీ ఆ వాదం ఆ యుగంలో ఎంతటి ప్రాముఖ్యం వహించిందో లేఖే సాక్ష్యం.

ఆరాఫ్ సూరాలో ఆదం వృత్తాంతం ముగియగానే వచ్చే ప్రస్తావన ఈ సందర్భంలో స్మరించదగినది. నీచకార్యం చేసి, తమ పితరులు చేశారనీ, దైవమే ఆజ్ఞాపించాడనీ చెప్పుకునేవారిని గూర్చి అక్కడ మందలింపు ఉన్నది. దైవం నీచకార్యాలను ఆజ్ఞాపించడని నిష్కర్షగా తేల్చి చెప్పబడింది. ఇబ్లీసు సాకు వెనువెంటనే ఆదం సంతతి నోట వినిపిస్తుందన్నమాట.

మఅబద్ జుహనీ హిజ్రీ 80 ప్రాంతంలో మరణదండనకు గురియైనాడు. ఇబ్నె అష్అస్ తిరుగుబాటులో పాల్గొనడం దీనికి కారణమని చెబుతారు. అతని తర్వాత దమిష్ఖు నగరంలో గైలాన్ ఈ వాదాన్ని వినిపించాడు. న్యాయశీలిగా పేరొందిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (పాలన 717-720) అతనితో ఈ విషయమై చర్చించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. హిషామ్ (పాలన 724-743) గైలాన్‌ను వధింపజేశాడు. అయినా ఆ భావం చావలేదు. 744లో కొద్ది నెలలు మాత్రమే పాలించిన మూడవ యజీద్ ఈ వర్గం మద్దతుతో గద్దెనెక్కినవాడు. ధనం కూడబెట్టననీ, మాట తప్పితే తనను తొలగించవచ్చుననీ అతడు తొలి ప్రసంగంలో ప్రకటించాడు. మనిషి తన చేతలకు తానే బాధ్యుడన్న సిద్ధాంతం నుండి, పాలకుడు ప్రజలకు జవాబుదారీ అన్న సూత్రం ఎంత సహజంగా వెలువడుతుందో ఈ ప్రసంగం తెలుపుతున్నది.

బాధ్యతావాదుల బలాత్కారం

ఖదరియ్యా ఆలోచనలను వాసిల్ బిన్ అతా (మరణం 748) మొదలైనవారి ముఅతజిలా శాఖ అందిపుచ్చుకొని తర్కబద్ధం చేసింది. దైవం న్యాయమూర్తి, న్యాయమూర్తి తాను చేయించిన పనికి మరొకరిని శిక్షించజాలడు, కావున మానవుడు తన కర్మలకు తానే కర్త అని వారి వాదసరణి. ఈ సిద్ధాంతంలో బలం ఉంది, మానవునిపై గౌరవమూ ఉంది.

కాని చరిత్ర ఇక్కడ ఒక విపరీతాన్ని చూపింది. అబ్బాసీ ఖలీఫా మామూన్ ముఅతజిలీల పక్షం వహించి, 833లో న్యాయాధిపతులకూ విద్వాంసులకూ ఒక పరీక్ష పెట్టాడు. దీనినే మిహ్నా అంటారు. ఖుర్‌ఆన్ సృష్టించబడినదని అంగీకరించాలన్నది ఆ పరీక్ష. కాదన్నవారికి చెరసాల, కొరడా దెబ్బలు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (780-855) మూతసిమ్ పాలనలో ఆ కొరడా దెబ్బలను భరించారు గాని మాట మార్చలేదు. ముతవక్కిల్ (పాలన 847-861) కాలంలో ఈ పరీక్ష రద్దయింది. మనిషికి సంకల్ప స్వేచ్ఛ ఉన్నదని బోధించినవారే ఎదుటివాని సంకల్పాన్ని బెత్తంతో వంచబోయారు. ఉమయ్యాలు చెడును దైవంపైకి నెట్టారు. మిహ్నా నడిపినవారు తమ మాటే దైవం మాట అనుకున్నారు. మొదటిది ఇబ్లీసు సాకు అయితే, రెండవది ఇబ్లీసు అహంకారం. తాను ఆదం కంటే శ్రేష్ఠుడనన్న మాటే కదా అతనిచేత మొదటి తప్పు చేయించింది!

ఈ అనుభవం తర్వాత మధ్యేమార్గం కోసం అన్వేషణ సాగింది. ముఅతజిలీల శిష్యుడుగానే ఎదిగిన అబుల్ హసన్ అష్అరీ (మరణం 935-36) తన గురువు జుబ్బాయీతో విభేదించి వేరుపడ్డారు. దీనికి సంబంధించి మూడు సోదరుల కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఒకడు సజ్జనుడై, ఒకడు దుర్జనుడై, ఒకడు పసితనంలోనే మరణించారు. తనకు ఆయుష్షు ఇచ్చి ఉంటే పుణ్యం చేసి ఉండేవాడినని పసివాడు అడిగితే ఏమి సమాధానమన్నారు అష్అరీ. పెరిగితే చెడిపోతాడని తెలిసి ముందే పిలిపించుకున్నట్లు దైవం చెబుతాడని గురువు బదులిచ్చారట. అట్లయితే తననూ పసితనంలోనే ఎందుకు పిలిపించుకోలేదని దుర్జనుడు అడిగితేనో అని శిష్యుడు అనగా గురువు నిరుత్తరుడైనాడట. కథ నిజమైనా కల్పితమైనా, దైవన్యాయాన్ని మానవ తర్కపు తక్కెడలో సంపూర్ణంగా తూచజాలమన్న భావం దీనిలో ఉంది.

కర్మను సృష్టించేవాడు దైవం, దానిని ఆర్జించేవాడు మానవుడు అని అష్అరీ సమన్వయం చేశారు. ఈ ఆర్జననే కస్బ్ అంటారు. ఈ సిద్ధాంతం ఎంత జటిలమంటే, అర్థం కాని విషయాన్ని అష్అరీ కస్బ్‌తో పోల్చడం అరబీలో సామెతగా మారింది. సమర్‌ఖందుకు చెందిన మాతురీదీ (మరణం 944) మానవుని ఎంపికకు మరికొంత చోటిచ్చారు. భారతదేశంలోని హనఫీ ముస్లింలలో అధికభాగం మతసిద్ధాంత విషయంలో మాతురీదీ మార్గాన్ని అనుసరించేవారే.

ఆదం, మూసాల సంవాదం

ఖదర్ వాదనకు అనుకూలంగా తరచు చూపబడే హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలో ఉంది. మమ్మల్ని స్వర్గం నుండి వెళ్లగొట్టించినది మీరే కదా అని మూసా ప్రవక్త ఆదంను నిలదీస్తారు. తన సృష్టికి పూర్వమే వ్రాయబడిన విషయమై తనను నిందించవచ్చునా అని ఆదం ప్రశ్నిస్తారు. వాదంలో ఆదమే గెలిచారని దైవప్రవక్త (సల్లం) తీర్పు చెప్పారు.

పైకి చూస్తే ఇది ఉమయ్యాల సాకుకు మద్దతువలె ఉంది. ముఅతజిలీలలో కొందరు దీనిని తోసిపుచ్చారు కూడా. ఇబ్నె తైమియ్యా (1263-1328) దీనికి చక్కని వివరణ ఇచ్చారు. మూసా ప్రశ్నించినది ఆదం పాపాన్ని గూర్చి కాదు, దాని ఫలితంగా సంతతికి కలిగిన కష్టాన్ని గూర్చి. పాపానికి ఆదం ఎన్నడో పశ్చాత్తాపం చెంది క్షమాపణ పొందారు. కష్టం సంభవించినప్పుడు దైవనిర్ణయమని ఓదార్పు పొందడం సమంజసం. నేరం చేసి దైవనిర్ణయమని తప్పుకోజూడడం అసమంజసం. ఖదర్ గాయానికి మందు, గాయపరచే చేతికి తొడుగు కాదు.

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక ఘట్టం ఈ విచక్షణకు ఆచరణ రూపం. ఆయన సిరియా యాత్రకు బయలుదేరి సర్గ్ అన్న స్థలానికి చేరుకునేసరికి ముందున్న ప్రాంతంలో మహమ్మారి వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని సేనాని అబూ ఉబైదా అడిగారు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ బదులిచ్చారు. ఒంటెలను పచ్చిక ఉన్న గట్టున మేపినా, బీడు గట్టున మేపినా రెండూ దైవనిర్ణయాలే కదా అని ఉదాహరించారు. ఏ గట్టున మేపాలో ఎంచుకోవలసినవాడు మాత్రం కాపరి.

హృదయమనే కోట

తార్కికుల చర్చ ఇలా సాగుతుండగా, పోరాటం జరిగే స్థలం మనిషి హృదయమేనని సూఫీలు, నీతివేత్తలు గుర్తించారు. చెడుకు ప్రేరేపించే మనసు, తన్ను తాను నిందించుకునే మనసు, ప్రశాంతి పొందిన మనసు అని ఖుర్‌ఆన్‌లో వేర్వేరు చోట్ల ప్రస్తావించబడిన మూడు స్థితులను వారు మానవుని నైతిక ప్రయాణంలో మూడు మజిలీలుగా భావించారు. ఇమామ్ గజాలీ (1058-1111) తన ఇహ్యా ఉలూమిద్దీన్ గ్రంథంలో హృదయాన్ని కోటతోను, షైతానును ఆ కోటలో చొరబడజూసే శత్రువుతోను పోల్చారు. కోప కామాలు, అసూయ, దురాశ, తొందరపాటు వంటివి ఆ కోటకు గల ద్వారాలు. వాటిని ఎరుగనివాడు కోటను కాపాడజాలడు. నలుబది భాగాల ఆ గ్రంథంలో ముప్పదియొకటవది పశ్చాత్తాపానికి కేటాయించబడింది. కేవలం మేలులో నిలిచి ఉండడం దేవదూతల లక్షణమనీ, కేవలం చెడులో మునిగి ఉండడం షైతాను లక్షణమనీ, చెడులో పడి మేలుకు మరలి రావడం ఆదం సంతతి లక్షణమనీ ఆయన దాని ఆరంభంలో వివరించారు. పడిపోవడం కంటే లేవడమే మానవుణ్ణి మానవుణ్ణి చేస్తుందన్న భావం ఇందులో ఇమిడి ఉంది.

సూఫీలలో కొందరు ఇబ్లీసు పట్ల ఆశ్చర్యకరమైన సానుభూతి చూపారు. 922లో బాగ్దాదులో మరణదండనకు గురియైన హల్లాజ్, గజాలీ సోదరుడు అహ్మద్ గజాలీ (మరణం 1126) మొదలైనవారు అతనిని దైవానికి తప్ప అన్యులకు తల వంచనొల్లని విషాద ప్రేమికునిగా చిత్రించారు. ఈ చిత్రణ కవులను ఆకర్షించినా అధికసంఖ్యాకులకు సమ్మతం కాలేదు. ప్రేమ పేరిట ఆజ్ఞను ధిక్కరించడం కూడా అహంకారానికే మారువేషమని వారి ఆక్షేపణ.

మౌలానా రూమీ (1207-1273) మస్నవీ మొదటి సంపుటంలో ఇబ్లీసు సాకునూ ఆదం ఒప్పుకోలునూ ప్రక్కప్రక్కన ఉంచి చూపారు. పశ్చాత్తాపం తర్వాత దైవం ఆదంను అడుగుతాడు: అది కూడా నా నిర్ణయమే కదా, ఆ మాట ఎందుకు చెప్పలేదు? మర్యాద తప్పడానికి భయపడ్డానంటారు ఆదం. ఆ మర్యాదను కాపాడినందుకే దైవం ఆయనను ఆదరించాడు. ఐదవ సంపుటంలో మరొక హాస్యకథ ఉంది. ఒకడు పరుల తోటలో చెట్టెక్కి పండ్లు దులుపుకుంటూ పట్టుబడ్డాడు. దైవం తోటలో దైవం దాసుడు దైవమిచ్చిన పండ్లు తింటే తప్పేమిటన్నాడు. తోట యజమాని అతనిని చెట్టుకు కట్టించి, దైవం కర్రతో దైవం దాసుడు దైవం దాసుని వీపు వాయిస్తున్నాడని కొట్టసాగాడు. ఇక ఎంపిక ఉన్నది, ఉన్నది అంటూ దొంగ లబలబలాడాడు. గ్రంథాలు తేల్చలేకపోయిన విషయాన్ని కర్ర తేల్చిందన్నమాట!

భారతభూమితో ముడిపడిన సంప్రదాయాలు

ఆదం భూమిపై ఎక్కడ దిగారన్న ప్రశ్న కథకులను ఎంతో ఆకర్షించింది. ఖుర్‌ఆన్ ఈ విషయమై మౌనం వహించింది. తబరీ (839-923) తన చరిత్ర గ్రంథంలో ఆదం హింద్ దేశంలో దిగినట్లు చెప్పే కథనాలను అనేకం చేర్చారు. స్వర్గపు ఆకులు వెంట రావడం వల్లనే ఆ దేశంలో సుగంధ వృక్షాలు పుట్టాయన్న కథనం వాటిలో ఒకటి. కథకుల పేర్లతో సహా విన్నదంతా నమోదు చేసి నిర్ణయం చదువరికి విడిచిపెట్టడం తబరీ పద్ధతి గనుక, వీటిని చారిత్రక సత్యాలుగా గాక సంప్రదాయాలుగానే గ్రహించవలసి ఉంది. ఆదం దిగిన స్థలం సరన్‌దీబు, అనగా నేటి శ్రీలంక అని ప్రసిద్ధి. సుమారు 2,243 మీటర్ల ఎత్తుగల అక్కడి శిఖరంపై ఉన్న పాదముద్రను ముస్లింలు ఆదందిగాను, బౌద్ధులు బుద్ధునిదిగాను, హిందువులు శివునిదిగాను భావిస్తారు. ఇబ్నె బతూతా 1344లో ఆ శిఖరాన్ని దర్శించాడు.

అమీర్ ఖుస్రో 1318లో రచించిన నుహ్ సిపిహ్ర్ కావ్యంలో హిందూస్థానాన్ని భూతల స్వర్గంగా నిరూపించబూని, ఆదం ఇక్కడ దిగడాన్ని కారణాలలో ఒకటిగా చూపాడు. దక్కనులో స్థిరపడిన ఆజాద్ బిల్గ్రామీ (1704-1786) అరబీలో రచించిన సుబ్హతుల్ మర్జాన్‌లో భారతదేశ మహిమను చాటే ఇట్టి కథనాలన్నింటినీ ఒకచోట చేర్చారు. ఆయన సమాధి ఔరంగాబాదు సమీపంలోని ఖుల్దాబాదులో ఉంది. ఆ ఊరి పేరులోని ఖుల్ద్ అన్న పదానికి అర్థం శాశ్వతత్వం. ఏ శాశ్వతత్వాన్ని ఎరగా చూపి షైతాను ఆదంను మోసగించాడని తాహా సూరాలో ఉన్నదో, ఆ పదమే అది. కోల్పోయిన స్వర్గాన్ని తాము నిలిచిన నేలపైనే వెదుక్కోవడం మనిషికి సహజం. అందులో ప్రేమ ఉన్నది, కొంత అతిశయమూ ఉన్నది.

స్వర్గవనం ఎక్కడిదన్న చర్చ కూడా పురాతనమే. అధికసంఖ్యాకులు అది పరలోక స్వర్గమేనన్నారు. అబూ ముస్లిం ఇస్ఫహానీ (మరణం 934) మొదలైన ముఅతజిలీలు అది భూమిపైని ఒక తోట అన్నారు. శాశ్వత స్వర్గంలో నిషేధమూ, షైతాను ప్రవేశమూ, బహిష్కారమూ ఉండవు కదా అన్నది వారి యుక్తి. ఇబ్నె ఖయ్యిమ్ (1292-1350) ఉభయపక్షాల వాదాలనూ విపులంగా ఉటంకించారు.

మిల్టన్, ఇక్బాల్

ఐరోపాలో ఈ కథకు మహాకావ్య రూపమిచ్చినవాడు ఆంగ్లకవి మిల్టన్. ఆయన పారడైజ్ లాస్ట్ 1667లో పది సర్గలుగాను, 1674లో పన్నెండు సర్గలుగాను వెలువడింది. రాచరికాన్ని కూలదోసిన ఆంగ్ల విప్లవానికి మిల్టన్ కలం సాయం చేసినవాడు. 1660లో రాజు తిరిగి రావడంతో ఆయన ఆశలు కుప్పకూలాయి. అప్పటికే చూపు పోయిన ఆ కవి, స్వేచ్ఛ లభించినా మనిషి దానిని ఎందుకు నిలుపుకోలేకపోయాడన్న ప్రశ్నను ఆదాము కథలో వెదికినట్లు తోస్తుంది. ఆయన కూడా పతనానికి కారణం దైవం కాదు, మనిషి స్వేచ్ఛాసంకల్పమేనని నిరూపించబూనాడు. బస్రాలో హసన్ పడిన ఆవేదనకూ లండనులో మిల్టన్ పడిన ఆవేదనకూ కాలదేశాల దూరం ఎంత ఉన్నా, ప్రశ్న ఒకటే.

ఆధునిక కాలంలో ఇక్బాల్ (1877-1938) ఈ వృత్తాంతాన్ని కొత్త వెలుగులో చూశారు. 1929 జనవరిలో ఆయన మద్రాసు, మైసూరు, హైదరాబాదు నగరాలలో ఇచ్చిన ఉపన్యాసాలు దక్షిణ భారత విద్యావంతులను విశేషంగా ఆకట్టుకున్నాయి. 1930లో గ్రంథరూపం దాల్చిన ఆ ఉపన్యాసమాలలో మూడవదాని యందు ఆదం వృత్తాంతానికి వివరణ ఉంది. ఖుర్‌ఆన్ సర్పాన్నీ ప్రక్కటెముకనూ విడిచిపెట్టడం ఉద్దేశపూర్వకమనీ, స్వర్గచ్యుతి నైతిక పతనం కాదనీ, ఆదిమ వాంఛల స్థితి నుండి స్వేచ్ఛ గల, సందేహించి ధిక్కరించగల వ్యక్తిత్వానికి మనిషి ఎదగడాన్ని అది సూచిస్తుందనీ ఆయన ప్రతిపాదించారు. ఆదం తొలి ధిక్కారం తొలి స్వేచ్ఛాచర్య కూడా గనుకనే క్షమించబడిందన్నారు. బలవంతాన చేసిన మేలు మేలు కాదు. మేలు జరగాలంటే చెడును ఎంచుకోగల అవకాశం కూడా ఉండి తీరాలి. మానవునిపై దైవం ఉంచిన గొప్ప నమ్మకం ఇదేనని ఇక్బాల్ భావన. 1932 నాటి జావీద్‌నామాలో ఇబ్లీసు చేతనే ఒక ఫిర్యాదు చేయించారు. మనిషి మరీ తేలికగా లొంగిపోతున్నాడు, తనను ఎదిరించగల మొనగాణ్ణి పంపమని అతడు దైవాన్ని వేడుకుంటాడు. ఇంతకు మించిన ఎత్తిపొడుపు మానవజాతికి మరొకటి ఉండబోదు.

ఇక్బాల్ వివరణ అందరికీ ఆమోదయోగ్యం కాలేదు. ఖుర్‌ఆన్‌లో ఆదం మరుపును, ఉల్లంఘనను స్పష్టంగా తప్పుగానే పేర్కొనగా దానిని వికాసంగా వర్ణించడం తగదని సంప్రదాయ పండితుల అభ్యంతరం. ఈ అభ్యంతరంలో సత్యం లేకపోలేదు. ధిక్కారాన్ని స్వేచ్ఛగా కీర్తిస్తూ పోతే ఇబ్లీసుకూ ఆదంకూ గల భేదం చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆదం గొప్పతనం తప్పు చేయడంలో గాక, దానిని తనదిగా ఒప్పుకోవడంలో ఉన్నది.

పదమూడు శతాబ్దాలకు పైబడిన ఈ చర్చను సింహావలోకనం చేస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. దైవనిర్ణయానికీ మానవ సంకల్పానికీ నడుమ సరిహద్దు రేఖ ఎక్కడ గీయాలన్న సమస్యను ఏ శాఖా సంపూర్ణంగా పరిష్కరించలేకపోయింది. కాని ఆ సమస్య పరిష్కారం కాకపోయినా మనిషి తన కర్తవ్యాన్ని గుర్తించగలడు. అధికారి తన అన్యాయానికి పైవాని ఆజ్ఞను, ధనికుడు ఎదుటివాని పేదరికానికి నొసటి వ్రాతను, సామాన్యుడు తన దుర్గుణానికి పుట్టుకను చూపినప్పుడల్లా ఆ మొదటి సాకే మరల వినవస్తుంది. తమకు తామే అన్యాయం చేసుకున్నామన్న ఆదం దంపతుల ఒప్పుకోలు వినవచ్చినచోట మాత్రం మరలి వెళ్లే దారి తెరుచుకుంటుంది. కోల్పోయిన స్వర్గానికి వారసులు కాగోరేవారికి ఆ మూలపురుషుడు విడిచిపోయిన ఆస్తి పాపం కాదు, ఆ ఒప్పుకోలు.